ఒంటికాలి జోడు

చెప్పుల కొట్లో పెరిగినవాడికి ఒక అవలక్షణం అంటుకుంటుంది. ఎదురుగా మనిషి వస్తుంటే మొహం కన్నా ముందు కాళ్లు చూస్తాడు. పెళ్లిచూపుల్లో నేను తల వంచుకుని కూర్చుంటే, కుర్రాడు బుద్ధిమంతుడని అమ్మాయి తరఫువాళ్లు తెగ మురిసిపోయారు. నేను ఆవిడ కాలి సైజు అంచనా వేస్తున్నాను.

కాళ్ల తర్వాత చూసేది చెప్పు అడుగు. గొలుగొండ వైపు నుంచి వచ్చినవాడి చెప్పులకు మడి బురద ఎండి పెచ్చులు కట్టి ఉంటుంది. మాకవరపాలెం రైతు చెప్పులకు చెరుకాకు నలిగి అంటుకుని ఉంటుంది. యలమంచిలిలో రైలు దిగి బస్సెక్కి వచ్చినవాడి సోలు శుభ్రంగా ఉంటుంది. వాడికి మర్యాద ఎక్కువ చెయ్యాలి, రేటూ ఎక్కువ చెప్పాలి. ఇక కొండ దిగి సంతకొచ్చేవాళ్లలో చాలామందికి ఆ రోజుల్లో చెప్పులే ఉండేవి కావు. మడమ పగుళ్లలో ఎర్రమట్టి ఉండేది. "ఏ ఊరని అడక్కూడదురా, అడుగు చూసి తెలుసుకోవాలి" అనేవాడు నాన్న.

నర్సీపట్నం మెయిన్ రోడ్డు మీద స్టీలు సామాన్ల కొట్టుకీ బట్టల కొట్టుకీ మధ్య ఇరుక్కున్న కొట్టు మాది. వర్తక సంఘం మీటింగుల్లో బంగారం, బట్టలు, స్టీలు, కిరాణా ముందు వరసల్లో కూర్చునేవారు. చెప్పులు వెనక. నాన్న దానికి బాధపడినట్టు కనిపించేవాడు కాదు. చందా అడగడానికి వచ్చినప్పుడు మాత్రం, "వెనక కుర్చీకి ముందు కుర్చీ రేటేటండీ? సినిమా హాల్లో కూడా అలగ లేదు కదా" అని సగానికి తెగ్గొట్టేవాడు. అవమానాన్ని డిస్కౌంటు కింద మార్చుకోవడం నేను ఆయన దగ్గరే నేర్చుకున్నాను.

శ్రీలంక నుంచి మన సైన్యం తిరిగొచ్చేసిన ఏడాదో, ఆ మరుసటి ఏడాదో, చంకకర్ర మీద ఒక మనిషి మా కొట్టు మెట్టెక్కాడు. మిషను కాంపౌండు వీధిలో ఉండే కుటుంబం. వాళ్ల తాత చర్చిలో గంట కొట్టేవాడు, తండ్రి వడ్రంగి. ఇతను పటాలంలో చేరి లంక వెళ్లి, ఎడమ కాలు మోకాలి కింద నుంచి అక్కడ వదిలేసి వచ్చాడు. పూణేలో కట్టుడు కాలు ఇచ్చారట గాని, మన ఎండకి, చెమటకి రాసుకుని పుండు పడుతోందని దాన్ని మంచం కిందికి తోసేశాడు.

"కుడి కాలిది ఒక్కటి సాలు. రేటు సెప్పండి" అన్నాడు.

"ఒక్కటి ఎలగ అమ్ముతాం నాయనా? జోడు అంటేనే రెండు" అన్నాడు నాన్న.

"రెండోది ఎవులికి తొడగమంటారు? ఈ కర్రకా?"

"కర్రకి తొడిగితే గచ్చు మీద జారదు కూడాను."

నాకు తల కొట్టేసినట్టయింది. ఆ మనిషి మాత్రం కర్ర మీద ఊగుతూ నవ్వాడు. నవ్విన గిరాకీని పోనివ్వకూడదు. నేను మధ్యలో దూరి, సగం ధరకు కుడిది ఇచ్చి ఎడమది మేమే ఉంచుకునేటట్టు బేరం తెంపాను. అప్పటి నుంచి నేను అతనికి తమ్ముణ్ని, అతను నాకు అన్న.

అలా చెప్పు అరిగినప్పుడల్లా వచ్చేవాడు. మా అటక మీద ఎడమ కాలి చెప్పులు పోగుపడ్డాయి. "ఎడమ కాలుండి కుడి కాలు లేనివాడు ఎప్పుడో ఒకడు రాకపోడు" అని నాన్న వాటిని పారెయ్యనిచ్చేవాడు కాదు. అప్పట్లో అది నాకు వ్యాపార దూరదృష్టిలా తోచింది. ఎక్కడో ఎవడికో కాలు తెగితే తప్ప కదలని సరుకు. అలాంటి సరుకు గోదాముల నిండా పెట్టుకుని, పక్కపక్క దేశాల వైపు ఆశగా చూస్తూ కూర్చునే పెద్ద పెద్ద కొట్లు లోకంలో ఉన్నాయని తర్వాత పేపర్లు చదివి తెలుసుకున్నాను. వాటి ముందు మా అటక చాలా చిన్నది. బుద్ధి మాత్రం అదే.

మధ్యాహ్నం గిరాకీ లేని వేళ వచ్చి, ట్రయల్ చూసే బల్ల మీద కూర్చుని అన్న లంక కబుర్లు చెప్పేవాడు. ఏడుపుగొట్టుగా చెప్పేవాడు కాదు, పెళ్లిలో విస్తరి దగ్గర జరిగిన మోసం చెప్పినట్టు చెప్పేవాడు.

"మనం పరాయి దేశం మీదకి ఎల్లలేదు తమ్ముడూ. ఆల్లే పిలిసినారు. రెండు దేశాల పెద్దలూ సంతకాలెట్టుకుని, మీ ఇంట్లో తగువు మేం తీరుస్తాం అని మనోల్లు మాటిచ్చీసినారు. ఎల్లాక తెలిసింది, మనం ఎవుల్ని అదుపు సెయ్యాలో ఆల్లకి ముందు తుపాకీ పట్టడం నేర్పింది మన దేశంలోనేనట. ఇంకా ఇనుకో. మమ్మల్ని పిలిసిన పెద్దాయన దిగిపోయి ఇంకో పెద్దాయన వొచ్చాడు. ఆయనకి మేం బేగి ఎల్లిపోవాల. అందుకని మమ్మల్ని కాల్సేవోల్లకే లోపాయికారీగా తుపాకులు పంపినాడట."

నాన్న గల్లా పెట్టె మీద చెయ్యి వేసి ఆలోచించాడు. "అంటే, సరుకు తయారు చేసినోడు ఒకడు, పాడైందని బాగు చెయ్యడానికెల్లినోడూ ఆడే, పిలిసిన ఇంటోళ్లే రాళ్లేయించారు. మన బజార్లో ఇలాంటి బేరం చేస్తే చెప్పుతో కొడతారు నాయనా."

"అందుకే కదండీ బజార్లో సెయ్యలేదు" అన్నాడు అన్న.

మా వ్యాపారంలో బేరం కుదిరాక కొసరు వేస్తాం. చెప్పులకు పాలిష్ డబ్బా, బూట్లకు ఒక జత లేసులు. కొసరుకి లెక్క ఉండదు, రశీదులో రాయం, తిరిగివ్వమని ఎవడూ అడగడు. పేపర్లో 'ఇరుగుపొరుగు మైత్రి', 'రక్షణ సహకారం' అని చదివినప్పుడల్లా నాకు ఆ పాలిష్ డబ్బా గుర్తొచ్చేది. పెద్ద కొట్ల మధ్య బేరం తెగింది. మా మిషను వీధి వడ్రంగి కొడుకుని కొసరు వేశారు.

అతనొక్కడినే కాదు.

సంత రోజున కొండచీపుళ్లు, చింతపండు తెచ్చే ఒక కొండ ముసలమ్మ ఉండేది. గొలుగొండ దాటి, కొండెక్కి, జీపు ఆగిపోయిన చోటు నుంచి ఇంకా నడవాలి ఆమె ఊరికి. ఆమె కొడుకూ, మా మిలిటరీ అన్నా విశాఖలో ఒకే రోజు సైన్యం సెలక్షన్ వరసలో నిలబడి, ఒకే పటాలంలో పడి, ఒకే ఓడలో లంక వెళ్లారు. కొడుకు అక్కడ కాల్పుల్లో పోయాడు. శవం రాలేదు. ఒక బడి వెనక తాటితోపులో కాల్చేశారు. మోసినవాళ్లలో అన్న ఒకడు. ఆ మర్నాడు తెల్లవారుజాము గస్తీలో మందుపాతర మీద అన్న కాలు పడింది. ముసలమ్మకు కొడుకు ట్రంకు పెట్టె వచ్చింది. బూడిద వెనక వస్తుందన్నారు, రాలేదు.

ఆ ఇంటి ఆనవాయితీ ఒకటుంది. పోయినవాడికి ఊరి చివర ఒక రాయి నిలబెడతారు. కాల్చిన చోటి మన్ను కొంచెం ఆ రాతి కింద వెయ్యాలి. మన్ను లేకుండా నిలబెడితే అది ఉత్త రాయి, మనిషి కాదు. ముసలమ్మ రాయి తెప్పించుకుంది. మన్ను లేదు కాబట్టి దాన్ని ఇంటి వెనక పడుకోబెట్టింది. మేకలు దాని మీద ఎక్కి కూర్చునేవి.

సంతకొచ్చినప్పుడల్లా అన్నని వెతుక్కుంటూ మా కొట్టు దగ్గరికి వచ్చేది. లోపలికి రమ్మంటే వచ్చేది కాదు. "అమ్మే సోటికి కొననోల్లు రాకూడదు" అనేది. మెట్టు కింద నిలబడే అడిగేది.

"కొడకా, ఆ మన్ను వొచ్చిందేటి?"

"ఇంకా లేదమ్మా."

"ఆ దేశం మనకి సుట్టమే అంటావు కదరా. సుట్టాల ఇంటి నుంచి గుప్పెడు మన్ను రాదేటి?"

నాలుగు మాటలు చెప్పి ఆవిణ్ని పంపేసి, ఇద్దరం టీ తాగేవాళ్లం.

ఏళ్లు అలాగే పోయాయి. రెండువేల సంవత్సరం దాటాక, నాన్న కొట్టు నాకు వదిలేసి ఇంటిపట్టున ఉంటున్న కాలంలో, వర్తక సంఘం అధ్యక్షుడు నన్ను పిలిపించాడు. పక్క స్టీలు కొట్టు ఆసామే. మన దేశంలో సైనిక విద్య చదువుతున్న పొరుగు దేశాల ఆఫీసర్లు బస్సులో జిల్లా తిరుగుతూ, బెల్లం వంటా కొండ సంతా చూడ్డానికి మన వైపు వస్తున్నారట. మధ్యాహ్నం భోజనమూ సన్మానమూ సంఘమే చెయ్యాలని రెవెన్యూ వాళ్లు చెప్పారట.

"అందులో లంక ఆయన కూడా ఒకడున్నాడటోయ్. మన కుంటి మిలిటరీ ఆయన్ని మెడల్సెట్టుకుని గుమ్మం కాడ నిలబడమను. సూడ్డానికి బాగుంటాది" అన్నాడు అధ్యక్షుడు.

అన్నకి చెప్పాను. "నిలబడతాను. ఆ లంక ఆయన్ని ఒక్క మాట అడగనిమ్మను. ఆ తోపులో గుప్పెడు మన్ను. ముసల్ది ఎన్నాల్లుంటాదో తెలీదు, దాని రాయి లెగాల" అన్నాడు.

బేరం నాకు అప్పగించాడు. బేరంలో నన్ను మించినవాడు బజార్లో లేడని నాకో పొగరు. అయిదు నిమిషాలు మైకు కావాలని మొదలెట్టాను, రెండు దగ్గర తెంపుదామని.

అధ్యక్షుడు గ్లాసు తుడుస్తూ విన్నాడు. "మైకు కాడ సావు సంగతులేటయ్యా? పులిహోర, బొబ్బట్లు సేయిస్తన్నాం. అడిగితే స్టేజీ కింద అడుగు."

"కింద అయితే దగ్గర కూర్చోబెట్టండి, భోజనాల్లో పక్క కుర్చీ."

"పక్కన ఆర్డీవో గారు."

"పోనీ ఎదురు కుర్చీ."

"ఒరే, సెప్పుల కొట్టోడివి, దేశాల సంగతులు నీకేల? ఎల్లేటప్పుడు సూద్దాంలే. నీకో పనుంది. దీపం ఎలిగించడానికి ఆల్లు బూట్లు ఇప్పాల కదా. ఆ బూట్లు నువ్వు సూసుకో. ఇంకోడికి అప్పగిస్తే మారిపోతాయి."

అలా దేశాల మధ్య మైత్రిలో నా స్థానం ఖరారైంది.

ఆ రోజు కల్యాణమండపం ముందు అరటిచెట్లు కట్టారు. 'సోదర దేశాల సైనికాధికారులకు సుస్వాగతం' అని గుడ్డ. ముందు వరసవాళ్లందరూ పట్టుపంచెల్లో దిగారు. అన్న ఇస్త్రీ చొక్కా మీద మెడల్స్ పెట్టుకుని, గుమ్మం పక్క ఎండలో కర్ర మీద నిలబడ్డాడు. బస్సు ఆలస్యమైంది. ఎవరూ అతనికి కుర్చీ వెయ్యలేదు. కూర్చుంటే సెల్యూట్ ఎలా కొడతాడని అధ్యక్షుడి బాధ. నేను మా కొట్లోంచి ట్రయల్ బల్ల తెప్పిస్తానంటే, "అది సెప్పుల బల్లరా, శుభమా అని" అన్నాడు.

వాళ్లొచ్చారు. మర్యాదగల మనుషులే, ఆ మాట చెప్పాలి. గుమ్మం దగ్గర అన్న సెల్యూట్ కొడితే అందరూ ఆగి తిరిగి కొట్టారు. తర్వాత వరసగా కూర్చుని లేసులు విప్పుకున్నారు. మిలిటరీ బూట్లు, సగం పిక్కదాకా లేసులు. ముందు వరస పెద్దలు ఒక్క కాలి విదిలింపుతో చెప్పులు వదిలేసి, వాళ్లు విప్పుకునేదాకా దీపం దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డారు. అగ్గిపుల్లలు గాలికి ఆరుతూ పోయాయి.

బూట్ల మధ్య కూర్చుని ఉపన్యాసాలు విన్నాను. వెంట వచ్చిన మన ఆఫీసరు మాట్లాడాడు. మనది ఒకే సముద్రం, ఒకరి భద్రతే ఇంకొకరి భద్రత, కలిసి శిక్షణ, కలిసి విన్యాసాలు, పరస్పర విశ్వాసం. చప్పట్లు. ఒకరి కాలే ఇంకొకరి కాలని మాత్రం ఆయన అనలేదు. ఆ కాలు లేనివాడు బయట ఎండలోనే ఉన్నాడు.

ఫొటోకి పిలిచారు అతన్ని. ముందు వరసలో కూర్చోబెట్టి, లంక ఆఫీసరు చేత శాలువా కప్పించారు. అంతవరకూ బాగానే ఉంది. కెమెరా ఆయన కన్ను మూసి చూసి, ఏదో నచ్చక చెయ్యి ఊపాడు. అధ్యక్షుడు గబగబా వచ్చి, శాలువా భుజాల మీంచి లాగి, అన్న ఒళ్లో పరిచి, కిందికి జార్చాడు. లేని కాలు కనబడకుండా. చుట్టూ ఉన్నవాళ్లు "ఆఁ, ఇప్పుడు బాగుంది" అన్నారు.

ఆ 'బాగుంది' అన్న మాట విన్నాక, పులిహోర మీద వంక పెట్టుకుని భోజనం మానేశాను.

మా వ్యాపారంలో ఒక కిటుకుంది. గిరాకీకి జోడు మొత్తం ఎప్పుడూ ఇవ్వకూడదు. ఒక కాలిదే తొడగాలి. రెండోది రేటు తెగేదాకా మన చేతిలో ఉండాలి. ఒక కాలికి జోడు, ఒక కాలు ఉత్త నేల మీద ఉన్నవాడు మెట్టు దిగి పోలేడు. భోజనాలయ్యాక అందరూ బూట్లు తొడుక్కుంటుంటే, లంక ఆఫీసరు కుడి బూటు ఆయన ముందు పెట్టాను. ఎడమది నా వెనక పెట్టుకున్నాను. అన్నకి కనుసైగ చేశాను.

అన్న వచ్చి నిలబడ్డాడు. అతనిది మిలిటరీ హిందీ, ఆయనది ఇంగ్లీషు, మధ్యలో నా బజారు ఇంగ్లీషు. లంకలో ఆ ఊరి పేరు చెప్పగానే లేసు కడుతున్న ఆయన వేళ్లు ఆగాయి.

"ఆ బడి వెనక తాటితోపు. అక్కడ మావాణ్ని కాల్చాం సార్. గుప్పెడు మన్ను కావాలి. తల్లి అడుగుతోంది" అన్నాడు అన్న.

ఆయన తల దించుకునే చెప్పాడు. "నేనూ అక్కడ పనిచేశాను. ఇప్పుడు బడి లేదు. తోపు చుట్టూ కంచె. మా సైన్యం కాంపు. ఆ తోపు సొంతదారుని కూడా రానివ్వం."

"మీరు వెళ్లగలరు కదా సార్?" అన్నాను నేను.

అప్పటికి మన ఆఫీసరు చూసేసి వచ్చాడు. "ఇక్కడ ఇవన్నీ ఏమిటి? సంబంధాలు ఇప్పుడు బాగున్నాయి, పాతవి తవ్వకండి" అన్నాడు. తవ్వేది గుప్పెడు మన్నే కదా అన్నాడు అన్న. దానికాయన, "అసలు ఒక దేశం మట్టి ఇంకో దేశంలోకి తేకూడదు. రూల్స్ ఉన్నాయి" అన్నాడు నెమ్మదిగా, పిల్లలకు చెప్పినట్టు.

తుపాకులు దాటాయి. వాటిని నేర్చుకున్నవాళ్లు దాటారు, నేర్పినవాళ్లు దాటారు, ఓడల నిండా మా కుర్రాళ్లు దాటారు. గుప్పెడు మన్ను దాటడానికి రూల్సు అడ్డొచ్చాయి.

లంక ఆఫీసరు లేచి నిలబడ్డాడు, ఒక కాలికి బూటుతో, ఒక కాలికి మేజోడుతో. ఎదురుగా అన్న కర్ర మీద. ఒక్క క్షణం ఇద్దరి ఎత్తూ ఒకేలా వంకరగా ఉంది. "ప్రయత్నిస్తాను. మాట ఇస్తున్నాను" అన్నాడాయన. నా వైపు చెయ్యి చాపాడు. బయట బస్సు హారను కొడుతోంది. మన ఆఫీసరు, ఆర్డీవో గారు, అధ్యక్షుడు, అందరూ నా చేతి వైపు చూస్తున్నారు. బూటు ఇచ్చేశాను. నా జన్మలో అంత గట్టి పట్టు దొరికిన బేరం లేదు. దాన్ని అమ్ముకున్నది ఒక మాటకి.

ఆ సంతకి ముసలమ్మ వచ్చినప్పుడు అన్న విషయం చెప్పాడు. మాటిచ్చాడమ్మా అన్నాడు. ఆమె నా వైపు తిరిగి, "సావుకారూ, నువ్వయితే మాట మీద సరుకిచ్చేత్తావా?" అని అడిగింది. నేను అటక మీద ఏదో వెతుకుతున్నట్టు నిచ్చెనెక్కాను.

వానలు వెనకబట్టాక సంఘానికి పార్సిలొచ్చింది, రెవెన్యూ ఆఫీసు ద్వారా. అందులో ఒక చెక్క జ్ఞాపిక. మంచి దిట్టమైన చెక్క మీద కరచాలనం చేసుకుంటున్న రెండు ఇత్తడి చేతులు. దాంతో టీ పొడి పాకెట్లు. మన్ను లేదు. మన్ను గురించి ఒక్క ముక్క లేదు. ఆయన మర్చిపోయాడో, అడిగితే పైవాళ్లు కాదన్నారో, ఈ టీ అసలు ఆయనే పంపాడో లేదో కూడా మాకు తెలీదు. టీ పొడి ముందు వరసల్లోనే అయిపోయింది. మిగిలిన ఒక్క పాకెట్టూ అన్నకి ఇవ్వమని అధ్యక్షుడు నాకిచ్చాడు. జ్ఞాపిక కూడా నా చేతిలోనే పెట్టాడు. "ఇది కూడా మీ మిలిటరీ ఆయనకే ఇచ్చీ. వెండి అనుకున్నాను, ఇత్తడోయ్" అన్నాడు.

ఇచ్చాను. అన్న రెండూ అటూ ఇటూ తిప్పి చూశాడు. సంచిలో వేసుకుని వెళ్లిపోయాడు. మర్నాడు ఒక గోనెసంచి తెచ్చి బల్ల మీద గుమ్మరించాడు. ఒక బూటు పడింది. మిలిటరీ బూటు, కుడి కాలిది.

"ఆస్పత్రి నుంచి నా కిట్టుతో పాటు పంపించినారు. ఆ రోజు ఏసుకున్నది. ఇన్నాల్లూ పటాలం మీద గౌరవంతో దాసుకున్నాను. ఇంక సాలు. నీ అటక మీద అన్నీ ఎడంవే కదా, ఇది కుడిది. జోడు సేసి అమ్ముకో."

రోత అతని గొంతులో ఎంత ఉందో, నా ఒంట్లో అంత ఉంది. కాని చేతికి అలవాటు పోదు కదా. బూటు చేతిలో పడగానే వెల్లకిలా తిప్పి అడుగు చూశాను. సోలు గాడుల్లో, మడమ మేకుల చుట్టూ మట్టి బిగిసి ఉంది. ఇటుక పొడిలా మెత్తటి ఎర్రమట్టి.

"అన్నా, తోపులో మోసినప్పుడు ఈ బూట్లే వేసుకున్నావా?"

"ఇంకేటి ఏసుకుంటాను? ఒకటే జత." ఆ మాట అన్నాక అతను బల్ల మీద మెల్లగా కూర్చున్నాడు.

సంత రోజుదాకా దాన్ని ముట్టుకోలేదు. ముసలమ్మ వచ్చాక ఆమె ఎదురుగానే మెట్టు మీద కాగితం పరిచి, కుట్టుపనికి వాడే ఆర తీసుకుని, గాడి గాడీ గీకాను. చివరికి తేలింది చిటికెడు. తాంబూలంలో సున్నం అంత.

"అదే మన్నేనా?" అందామె.

"అబద్ధం సెప్పనమ్మా. ఆ తోపులో నడిసిన మాట నిజం. తర్వాత కూడా కొంత నడిసేను. ఇందులో ఎంత అక్కడిదో, ఎంత కాదో నాకు తెలీదు" అన్నాడు అన్న.

ఆమె వేలు తడి చేసుకుని మట్టిలో అద్దింది. తన మడమ ఎత్తి పగుళ్ల పక్కన పెట్టి చూసుకుంది.

"మన మన్నులాగే ఉందిరా."

"అక్కడా ఇలగే ఉంటాదమ్మా."

"మరి అంత దూరం ఏలెల్లినార్రా?"

రోడ్డు మీద బస్సులు పోతున్నాయి. స్టీలు కొట్లో ఎవరో బిందె మీద మొట్టి మోత చూస్తున్నారు.

ఆమె పొట్లం కట్టి కొంగున ముడేసుకుంది. బూటు కూడా ఇమ్మంది. గాడుల్లో ఇంకా ఉంటుందట, ఆరకి అందనిది. అన్న ఒక్క క్షణం తటపటాయించాడు. వద్దనుకుని పారేసిన వస్తువే, ఇంకొకరు అడిగేసరికి చెయ్యి రాలేదు. నేను బేరాల్లో రోజూ చూసేదే అది. తర్వాత ఇచ్చేశాడు.

రాయి నిలబెట్టిన రోజు మేమిద్దరం జీపులో వెళ్లాం. చివరి నడక అన్నకి కష్టమైంది, ఊరి కుర్రాళ్లు వాటంగా మోసుకెళ్లారు. పడుకుని ఉన్న రాయిని ఎత్తితే దాని కింద గడ్డి తెల్లగా పాలిపోయి ఉంది. గుంట తీసి, పొట్లం విప్పి, చిటికెడు మన్నూ వేసి, బూటు కూడా అందులోనే పెట్టి, రాయి దించారు. అది ఒక పక్కకి ఒరిగింది. ఇన్నేళ్లు పడుకున్న రాయి కదా, ఒక మొన అరిగిపోయింది. ఎంత సర్దినా ఊగుతోంది. కింద దూర్చడానికి చీల కావాలన్నారు. చుట్టూ వెతికారు, గులకరాళ్లు పెడితే జారిపోతున్నాయి, కర్రముక్కలు పెడితే నలిగిపోతున్నాయి.

అన్న సంచిలోంచి ఆ జ్ఞాపిక తీశాడు. ఎందుకు తెచ్చాడో నేనడగలేదు. బహుశా ముసలమ్మకి చూపించి తిట్టించుకుందామనుకున్నాడేమో. వడ్రంగి కొడుకు కదా, గోటితో నొక్కి చూసి, "మేలైన కర్రే" అన్నాడు. కుర్రాడి చేతికిచ్చి, ఒరిగిన వైపు రాతి కింద పెట్టించి, సుత్తితో కొట్టించాడు. కరచాలనం చేసుకుంటున్న ఇత్తడి చేతులు రెండూ ఒక్కో దెబ్బకి కొంచెం కొంచెంగా లోపలికి పోయాయి. పూర్తిగా పోయేముందు ఆ ఇత్తడి ఊడదీస్తే ఏమైనా వస్తుందేమో అన్న ఆలోచన నాకు రాలేదని చెప్పను. వచ్చింది. నా మీద నాకే ఉమ్మెయ్యాలనిపించింది.

ముసలమ్మ ముందుకొచ్చి, దడికర్ర పాతాక చూసినట్టు, అరచేత్తో రాతిని గట్టిగా తోసి చూసింది. కదల్లేదు. ఇంకో వైపు నుంచి తోసింది.

"నిలబడ్డాడు" అంది. తర్వాత మా వైపు తిరిగి, "ఇంక మీరెల్లండి. జీపు పోతాది" అంది.